చిన్మయి పాత నలభై ఒకటి

మనిషి పేరే ఇంటర్నెట్ చిరునామా అయిపోయాక, లోకంలో ఒక పేరు ఒక్కరికే; ఆ పేరు పలికితే చాలు, వాళ్ళ ఫోను మోగుతుంది. పోయినవాళ్ళ పేరు పదమూడో రోజున మరొకరికి ఇచ్చేస్తారు. ఆ పేర్లు పంచే సంస్థలో ప్రజాసంబంధాల మేనేజరు మంజూష. వెన్నలాంటి మాటతోనే మూడు ప్రమోషన్లు కొట్టేసింది.

ఆ రోజు విజయనగరంలో, కూతుర్ని పోగొట్టుకున్న పైడమ్మ ఇంటికి వెళ్ళింది.

"మీరు ఏడుస్తూ చిన్మయీ అన్నప్పుడల్లా కాకినాడలో కొత్త చిన్మయి ఫోను మోగుతోందమ్మా. వాళ్ళు ఫిర్యాదు చేశారు."

"మరి నా కూతుర్ని ఏటని పిలవాలమ్మా?"

"చిన్మయి పాత నలభై ఒకటి. ఏదీ, ఒకసారి అనండి."

"చిన్మయి పాత నలభై..." పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మంజూష ఆప్యాయంగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కడ ఆపకూడదమ్మా. నలభై వేరేవాళ్ళ పాప."