తాడుకి ఇవతల

...అయినా ఒక చెయ్యి పైకెత్తడానికి ఎంత బలం కావాలని? నిండు పాల క్యాను ఎత్తే చెయ్యే కదా. అడ్డం తిరిగిన దూడను ఆవు కడుపులోంచి లాగే చెయ్యే కదా. ఉత్త చెయ్యి, గాల్లోకి, ఒక్క నిమిషం. పొద్దుటి నుంచీ ఒట్టీలియా మనసు ఈ మాట చుట్టూనే తిరుగుతోంది.

"అమ్మా, వింటున్నావా? నాన్న చెయ్యెత్తకపోతే నాలుగింటి రైలుకి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ అప్పెన్‌జెల్ ఊరి మొహం చూడను."

"వింటున్నానే."

"పెట్టె సర్దేశాను."

"చూశాను."

కూతురు వెరేనాకి పోయిన నెలే ఇరవై నిండాయి. తల్లీకూతుళ్ళిద్దరూ ఊరి కూడలిలో కట్టిన తాడును ఆనుకుని నిలబడ్డారు. తాడుకి అవతల మగవాళ్ళు. నల్లకోట్లు, నడుముకి తాతల నాటి కత్తులు. ఆ కత్తే వాళ్ళకి ఓటు చీటీ. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం వాళ్ళు చేతులెత్తి ఈ లోయ సంగతులన్నీ తేల్చేస్తారు. పంతొమ్మిది వందల తొంభై వచ్చినా, దేశమంతా ఆడవాళ్ళు ఓటేస్తున్నా, ఇక్కడ తాడు తాడులాగే ఉంది. ఆడవాళ్ళని ఓటుకి లోపలికి రానివ్వాలా వద్దా అన్నది ఈ పూట తేలాలి.

"ఉర్స్‌గాడిని చూడమ్మా. బళ్ళో ఉన్నన్నాళ్ళూ నా లెక్కలు చూసి రాసుకున్నాడు. వాడికి కత్తి, నాకు తాడు."

"ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు పాపం."

వెరేనా నవ్వలేదు.

ఒట్టీలియా భర్త ఆల్ఫోన్స్ లోపలికి వెళ్ళబోతూ తాడు దగ్గర ఆగాడు. మొహం పాలిపోయి ఉంది. అతను కూతురి వైపు ఉన్నాడని ఊరంతా గుప్పుమంది. బుధవారం వాళ్ళ పాలక్యానులో ఎవరో పేడ వేశారు. మూత మీద సుద్దతో గౌను బొమ్మ గీశారు. ఎవరని ఆల్ఫోన్స్ అడగలేదు. క్యాను కడిగి, బోర్లించి, మళ్ళీ కడిగాడు.

ఒట్టీలియా అతని కాలరు సరిచేసింది.

"ఏమోయ్ ఆల్ఫోన్స్, ఇంకా ఆడాళ్ళ దగ్గరే ఉన్నావా?" వాళ్ళ పాలు కొనే సెపతోని వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పద పద. నీ వెనకాలే నించుంటాను. నీ కుడిచెయ్యి ఈమధ్య నీ మాట వినడం లేదట కదా. కాస్త కనిపెట్టి ఉండాలి."

ఆ చెయ్యి భుజం మీద నుంచి కదల్లేదు.

"నాన్నా, మాటిచ్చావు."

"ఇచ్చానమ్మా."

"ఒట్టీ..." అన్నాడు ఆల్ఫోన్స్.

"వెళ్ళండి. గంట కొడుతున్నారు."

వెళ్ళాడు. అతని వీపు వందల వీపుల్లో కలిసిపోవడం చూస్తూ ఒట్టీలియా నిలబడింది. ఇరవయ్యారేళ్ళుగా అంతే. ఆవుని కొనాలన్నా, ఊరి మధ్య నుంచి కొత్త రోడ్డు వద్దనాలన్నా, ఆఖరి క్షణంలో అతను వెనక్కి తిరిగి ఆమె మొహం వెతుక్కుంటాడు. ఆమె కళ్ళతో చెబుతుంది. ఆల్ఫోన్స్ ఆచితూచి మాట్లాడే మనిషని ఊళ్ళో పేరు. లేచే చెయ్యి నిజానికి ఆమెదే; అతని భుజానికి ఉంది, అంతే.

వేదిక మీద సభాధిపతి ఏదో చదివాడు. కూడలి అంతా ఒక్కసారిగా మాటుమణిగింది. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుస్తుంటే తల్లి దాని నోరు మూసింది.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అక్కడొకటి, ఇక్కడొకటి, తర్వాత ఇంకొన్ని లేచాయి. లేచిన ప్రతి చేతి వైపూ పక్కవాళ్ళ మెడలు తిరిగాయి.

ఆల్ఫోన్స్ వెనక్కి తిరిగాడు. అన్ని టోపీల మధ్య ఇటు తిరిగిన మొహం అదొక్కటే.

"మనవైపే చూస్తున్నాడమ్మా!" వెరేనా తల్లి మణికట్టు పట్టుకుంది. "ఎత్తు నాన్నా... ఎత్తు..."

ఎంత గట్టి పట్టు! రేపు ఈ చెయ్యి ఎవరినీ వెతుక్కోకుండా తనంత తానే లేస్తుంది. ఈ పిల్లకి కళ్ళతో చెప్పడం నేర్చుకోవలసిన పని లేదు. నేనొక్కదాన్నీ ఎందుకు నేర్చుకున్నట్టు? అప్పుడిక ఈయన మాత్రం వెనక్కి తిరిగి ఎవరిని చూస్తాడు?

ఒట్టీలియా చూపు తాడు మీదికి తిప్పుకుంది. చేతులు దిగిపోయాయి. ఆల్ఫోన్స్ చెయ్యి లేవలేదు.

వెరేనా తల్లి మణికట్టు వదిలేసింది. "పిరికిపంద. సెపతోనిని చూసి వణికిపోయాడు."

"అలా అనకే."

"మరేమనను? ఇంకా వెనకేసుకొస్తున్నావా? ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశావమ్మా?" వెరేనా కూడలికి వీపు తిప్పి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"వద్దనేవాళ్ళు?"

నల్లకోట్లన్నీ ఒక్కసారి కదిలిన చప్పుడు. ఎటు చూసినా చేతులే. వాటి మధ్య ఆల్ఫోన్స్ చెయ్యి మాత్రం కత్తి పిడి మీదే ఉంది. అతను ఇంకా అటు తిరగలేదు. భార్య మొహంలోకే చూస్తున్నాడు.

ఎత్తమన్నట్టు, ఒట్టీలియా తల ఊపింది.