మణెమ్మ పులిహోర

వీధిలో జనం కోపాన్ని పసిగట్టే స్తంభం ఎర్రగా వెలిగింది. అది పచ్చబడేదాకా వినాయకుడి లారీ మసీదు దాటకూడదు. "మతకోపం!" అంటూ స్తంభం మణెమ్మనూ, పక్కింటి ఖైరున్నీసానూ చూపించింది. పోలీసులు పరుగెత్తుకొచ్చారు.

మణెమ్మకు ఒళ్లు మండింది. "మతం లేదు, గితం లేదు సారూ! నా పులిహోరల ఉప్పు లేదన్నది ఈమె!"

"బాగుందని చెప్పమ్మా," ఎస్సై ఖైరున్నీసాను బతిమాలాడు.

"బాగుంది," అంది ఆమె పళ్లు కొరుకుతూ. స్తంభం మీది దీపం ఇంకా ఎర్రబడింది.

మణెమ్మ తానే ఓ ముద్ద నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "అయ్యో, ఉప్పు వెయ్యనే లేదు గద అక్కా!"

"పొద్దుగాల్నుంచి గదే మొత్తుకుంటున్న!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. దీపం పచ్చబడింది, డప్పులు మోగాయి.

"మతఘర్షణ తప్పింది. పోలీసులకు అభినందనలు," అని ప్రకటించింది స్తంభం.

"అవి తర్వాత," అంది మణెమ్మ, "ముందుగాల ఉప్పు పట్కరా సారూ!"