చిల్లు లేని గొట్టం

ముసలాయన ఇత్తడి గొట్టాన్ని తలకిందులు చేసి, అడుగు తడిమి చూశాడు.

"దీనికి చిల్లేది బాబూ?"

ఆర్విన్ నవ్వాడు. పక్కనున్న స్నేహితులూ నవ్వారు.

మా ఇముస్ ఊళ్లో శనివారం సంత అది. ఇళ్లలో సొంతంగా వేప్‌లు, అంటే బ్యాటరీతో పొగ పీల్చే గొట్టాలు, తయారుచేసే కుర్రాళ్లంతా బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన బల్లలు వేసుకుని కూర్చుంటారు. వాళ్లు చేసేవాటిలో ఎలక్ట్రానిక్ తతంగం ఏమీ ఉండదు. గొట్టం, లోపల బ్యాటరీ, కింద నొక్కే మీట, పైన పొగ పుట్టించే తీగ. అంతే.

అందరిలోకీ ఆర్విన్ పనితనమే గొప్ప. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత లేత్ మీద తిప్పి, తళతళలాడేదాకా సానపట్టి, అడుగున కోడిపుంజును చెక్కుతాడు. ఈ గొట్టం తమ్ముడు జెరిక్ కోసం చేశాడు. మర్నాడే కోర్టులో పొగ పోటీ. ఎవరు పెద్ద మబ్బు వదిలితే వాళ్లది గెలుపు.

"చిల్లు పెడితే నా పుంజు మెడ తెగుతుంది తాతా," అన్నాడు ఆర్విన్.

"బ్యాటరీ పొంగితే లోపలి ఆవిరి ఎటు పోవాలి మరి? మా ఇంట్లో ఒకటి పేలింది."

"చవక బ్యాటరీ పెట్టుంటారు."

ముసలాయన చిల్లు లేకుండా చేయడం ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు.

పీత గుర్తు గొట్టం చూసి నేర్చుకున్నానని ఆర్విన్ గర్వంగా చెప్పాడు. మా వైపు వేప్ పిచ్చోళ్లకి పీత గుర్తంటే దేవుడి పటంతో సమానం. అవి ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఏవో కొన్ని చేసి మానేశాడట. సౌదీ వెళ్లిపోయాడని కొందరు, జైల్లో ఉన్నాడని కొందరు చెప్పుకుంటారు. వాటిలో ఒకటి సంపాదించడానికి ఆర్విన్ తన మోటార్‌సైకిల్ ఇచ్చేశాడు.

"పీత గుర్తు వేసినవాడు తప్పు చేశాడు బాబూ."

నవ్వులు ఆగిపోయాయి.

"ఆయన కాలిగోటికి సరిపోతావా నువ్వు?" అన్నాడు పక్కనే ఉన్న జెరిక్.

ముసలాయనకి కోపం రాలేదు. ఆ పీత గుర్తు గొట్టాన్ని ఒక్కసారి తెచ్చి చూపించమని బతిమాలాడు. బతిమాలుతూనే జేబులోంచి వెర్నియర్ తీసి, కోడిపుంజు గొట్టం అడుగు మందం కొలవబోయాడు.

అక్కడే చెడింది. ఈ కుర్రాళ్లు దొంగని క్షమిస్తారు, తాగుబోతుని క్షమిస్తారు, నకళ్లు తీసేవాణ్ణి మాత్రం క్షమించరు. కొలతలు పట్టుకెళ్లి ఫ్యాక్టరీకి ఇస్తే నెల తిరక్కుండా అదే వస్తువు సంతలో గుట్టలు పడుతుంది. పీత గుర్తు గొట్టాన్ని పొల్లుపోకుండా దించిన ఆర్విన్‌కి ఆ క్షణంలో తన సంగతి గుర్తు రాలేదు. తాను చేసింది భక్తి అనుకున్నాడు.

"నకళ్లోడివా నువ్వు?" అంటూ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

స్నేహితులు వెర్నియర్ లాక్కుని మురుగుకాలవలో పడేశారు. ముసలాయన ఏదో చెప్పబోయాడు. వినే ఓపిక ఎవరికీ లేదు. చొక్కా పట్టుకుని గేటు దాకా ఈడ్చి తోస్తే, సిమెంటు మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది.

"ఒక్క చిల్లు పెట్టు బాబూ. మేకు మొనంత చాలు," అన్నాడు లేస్తూ.

జెరిక్ కోడికూత కూసి వెక్కిరించాడు.

మర్నాడు పోటీ సగంలో ఉండగా జెరిక్ గొట్టం మీట లోపలే ఇరుక్కుపోయింది. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కింది. అవతల పారెయ్యమని ఆర్విన్ అరిచాడు. గెలుపు చేతికి అందేలా ఉంది కదా, ఇంకొక్క దమ్ము అనుకుని జెరిక్ దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

లోపలి ఆవిరికి బయటపడే దారి లేదు. గొట్టం బాంబులా పేలింది.

ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే, ఆటోలాంటి ట్రైసికిల్లో, అన్న ఒళ్లో జెరిక్ ప్రాణం పోయింది. అన్న చేసిచ్చిన వస్తువే చంపింది. ఆ మాట పైకి ఎవరూ అనలేదు గానీ ఆర్విన్‌కి అందరి మొహాల్లోనూ అదే కనబడింది.

మా ఆనవాయితీ ప్రకారం శవపేటికని కొన్నిరోజులు ముందుగదిలో ఉంచారు. చూడలేరని మూత తెరవలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు జాగారానికి బయట టార్పాలిన్ కింద పేకాడుతూ, బిస్కెట్లు కాఫీలో ముంచుకుని తింటున్నారు. అలాంటి ఒక మధ్యాహ్నం ముసలాయన వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. సంతలో ఆయన్ని ఈడ్చినవాళ్లే లేచి కుర్చీ వేశారు.

ఆయన కూర్చోలేదు. పేటిక దగ్గరికి వెళ్లి, శిలువ గుర్తు వేసుకున్నాడు.

పెద్దవాళ్లకి మొక్కే మా పద్ధతిలో ఆర్విన్ ఆయన చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మీ మాట వినుంటే నా తమ్ముడు బతికేవాడు అనబోయి ఏడ్చేశాడు.

"ఆ పీత గుర్తుది ఇంట్లో ఉందా బాబూ?"

ఆర్విన్ అలమారలోంచి తెచ్చాడు. ఒకప్పుడు కళ్లకద్దుకున్న వస్తువే ఇప్పుడు పట్టుకోవాలంటే భయం వేసింది. దీనికైనా చిల్లు పెట్టండని చేతిలో పెట్టాడు.

ముసలాయన దాన్ని కనీసం తిప్పి చూడకుండా జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఆర్విన్ వెంట వెళ్లబోతే తల్లి చొక్కా పట్టుకుని ఆపింది. శవం ఉన్న ఇంటికి వచ్చినవాళ్లని ఇంటివాళ్లు సాగనంపితే ఇంకో చావు వెంటనే వస్తుందని మా భయం.

అందుకని గుమ్మంలోంచే అడిగాడు. "దాన్నెక్కడికి తీసుకుపోతున్నారు తాతా?"

"మావాడు పోయాక నేను చేసినవన్నీ ఒక్కొక్కటే వెతికి కరిగించేశాను బాబూ, నాకు దొరక్కుండా మిగిలింది ఇదొక్కటే," అన్నాడు ముసలాయన వీధిలోకి దిగుతూ.