రెండో చరణం

"మళ్ళీ మార్చారా!"

సత్యనారాయణమ్మ చేతిలో అట్లకాడతో సహా హాల్లోకి ఊడిపడింది. సోఫాలో దశరథరామయ్య రిమోట్ పట్టుకుని, ఏమీ ఎరగనట్టు టీవీ వంక చూస్తున్నాడు. తెర మీద పాటల పేర్లు చీమల బారులా కిందికి పోతున్నాయి. టీవీకి అటొకటీ ఇటొకటీ బీరువాలంత స్పీకర్లు. అప్పటిదాకా పడవ పాట పాడుతున్నవి కాస్తా ఇప్పుడు ఏదో డప్పుల పాట అందుకున్నాయి.

"అది చూశాం కదే. బానే ప్లే అవుతోంది," అన్నాడాయన.

"చూడ్డమేంటండీ, పాటని? వినాలి! పల్లవీ, ఒక చరణం, అంతే. రెండో చరణం ఏనాడైనా విననిచ్చారా? ఆ పిల్ల ఒడ్డున నిలబడి ఎదురుచూస్తా ఉంటుంది. పడవ వచ్చిందో మునిగిందో నాకు తెలియనే తెలియదు!"

"వస్తుందిలేవే."

"ఎట్లా వస్తుంది? మీరు రానిస్తేగా!"

జగ్గయ్యపేట బజార్లో పెయింట్ల కొట్టు కట్టేసి ఇంటికి రావడం ఆలస్యం, ఈయనగారికి ఇదే పని. క్యాసెట్లలో ఉన్నవీ, సీడీల్లో ఉన్నవీ, ఎవరెవరి పెన్‌డ్రైవుల్లోనో ఉన్నవీ అన్నీ ఊడ్చి ఒక్క హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. పది పన్నెండు వేల పాటలు పోగయ్యాయి. ఒక్కటి నిలిచి వింటే ఒట్టు. ఏ పాటా ఆయన బొటనవేలి పోటుకి ఆగేది కాదు.

"ముందు అన్నీ సరిగ్గా ఎక్కాయో లేదో చూడనీ. తర్వాత తీరిగ్గా వినొచ్చు."

"ఆ తర్వాత ఎప్పుడొస్తుందండీ? ఇద్దరం కూర్చుని ఒక్క పాట పూర్తిగా విందామంటే ఇంత ఏడిపిస్తారేం! ఇదిగో, ఇప్పుడే పెట్టండి పడవ పాట. చివరిదాకా ఉంచారా, సరేసరి. లేదా, నందిగామ బస్సెక్కి మా చెల్లెలింటికి పోతా. దాని వంటింట్లో రేడియో ఉంది. వేసిన పాట వేసినట్టు ఆసాంతం వింటా."

ఆయన పెట్టాడు. పల్లవి అయింది. సత్యనారాయణమ్మ అట్లకాడ ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడింది. మొదటి చరణం అయింది. ఆయన కాలు ఊగడం మొదలుపెట్టింది. గడ్డం గోక్కున్నాడు. రిమోట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వేణువు అందుకుంది. రెండో చరణం వచ్చేస్తోందని ఆమె ఊపిరి బిగబట్టింది.

టక్.

డప్పులు.

"అబ్బ... వేలు తగిలిందే..."

ఆమె విసురుగా లేచింది. గ్యాస్ కట్టేసి, సంచీలో రెండు చీరలు కుక్కుకుని గుమ్మం దిగింది. వెనక నుంచి "ఒసేయ్, ఆగవే!" అన్న కేక వినపడ్డా తిరిగి చూడలేదు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎంత అలుసు! బంగారం అడిగిందా, పట్టుచీర అడిగిందా? ఒక్కటంటే ఒక్క పాట!

వీధి మలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఇంట్లోంచి పాట వినపడుతోంది. ఆ స్పీకర్ల మోత సందు చివరిదాకా వస్తుంది మరి. ఏదో పెళ్ళి పాట. మొదటి చరణం అయిపోయింది. ఇప్పుడు మారుస్తాడు చూడు, అనుకుంది. మారలేదు. రెండో చరణం వచ్చింది. మూడోది కూడా వచ్చింది. పల్లవి మళ్ళీ పాడి, వాయిద్యాలు మెల్లగా సద్దుమణిగేదాకా దాని జోలికి ఎవరూ పోలేదు.

ఆమె మనసు కరిగిపోయింది. పాపం, నా కోసం చేతులు కట్టుకుని కూర్చున్నాడు కాబోలు, అనుకుంటూ వెనక్కి తిరిగి గబగబా నడిచింది.

తీరా చూస్తే హాల్లో ఎవరూ లేరు. సోఫా మీద రిమోట్ ఒక్కటే పడి ఉంది.

"వచ్చేశారా అక్కగారూ!" పక్కింటి హఫీజున్నీసా పిట్టగోడ మీంచి తొంగిచూసింది. "అన్నయ్యగారు మీ కోసం వెనక సందులోంచి బస్టాండుకి పరిగెత్తారండి. కాళ్ళకి చెప్పులు కూడా ఏసుకోలా. పాటలు కట్టేసి పోండని అరిచా, ఇనపడితేగా!"

సత్యనారాయణమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రిమోట్ తీసి పాట ఆపి, గుమ్మంలో నిలబడి వీధి వంక చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. అరికాళ్ళ నిండా దుమ్ము. ఆమెను చూడగానే మెట్టు మీదే కూలబడ్డాడు.

"నందిగామ బస్సు కదిలిపోయిందే. దాని వెనక పరిగెత్తి ఆపించా. సీటు సీటూ వెతికా. నువ్వు లేవు. డ్రైవరు తిట్టాడు కూడా."

"నేనసలు ఎక్కలేదండీ."

"రిమోట్ నువ్వే ఉంచుకో. నీ మీదొట్టు, ఇక ముట్టుకోను. ఆ పడవ పాట పెట్టు. ఇద్దరం విందాం."

పెట్టింది. సోఫాలో ఆయన పక్కనే కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాలు ఊగలేదు, చెయ్యి కదల్లేదు. పల్లవి అయింది, చరణం అయింది. వేణువు అందుకుంది.

"ఎంత బావుందే!" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది. పడవ వస్తుందంటావా?"

టక్.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. సత్యనారాయణమ్మ రిమోట్ ముందుకు చాపి, రెప్పవేయకుండా టీవీ తెర వంకే చూస్తోంది.

"దీని కింద ఇంకో పడవ పాట కనపడుతోందండీ. ఒక్కసారి అదెట్లా ఉందో చూద్దాం!"