జోడీ పరీక్ష

"నిన్న చచ్చినవాడు ఇవాళ నార్మలా? డాక్టరుగారూ, మా పిల్ల చేతిలో సంజీవని ఉందండోయ్!"

హెడ్‌నర్సు మాటకి వార్డంతా గొల్లుమంది. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. మంచం మీది రోగి కుట్లు ఊడిపోతాయేమోనని పొట్ట పట్టుకుని నవ్వాడు. నిన్న డైట్, ఇవాళ నార్మల్ అని ఆవిడ కింద పనిచేసే నర్సు ఇంగ్లీషులో చెప్పబోయింది. కంగారులో నోరు జారి 'డైట్' కాస్తా 'డైడ్' అయి, రోగి చచ్చిపోయినట్టయింది. అంతే, ఆ రోజు నుంచి అందరికీ ఆమె సంజీవనమ్మ.

ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కినవాళ్ళకే ఇక వార్డు పెత్తనమని కొత్త యాజమాన్యం అప్పటికే చెప్పింది. నర్సు ఆ సాయంత్రమే వెళ్ళి పేరిచ్చింది. హెడ్‌నర్సు కుర్చీ లాక్కోవాలి. అంతకన్నా ముందు, ఆవిడని ఇంగ్లీషులోనే ఉతికి ఆరెయ్యాలి.

ఇక అదే లోకమైంది. కూర తరుగుతూ ఇంగ్లీషు, బట్టలు పిండుతూ ఇంగ్లీషు. ప్రతి వాక్యం హెడ్‌నర్సు ఎదురుగా నిలబడ్డట్టే అనేది.

"ఎవర్నే ఆ తిట్టడం?" అంది అత్తగారు.

"తిట్టడం కాదత్తయ్యా, పరీక్షకి చదువుతున్నా."

"చదివితే చదువు. పళ్ళెందుకు నూరడం?"

రాత పరీక్ష సాఫీగా అయిపోయింది. మాట్లాడే పరీక్షకి ఇద్దరిద్దరిని జోడీగా పిలుస్తున్నారు. తన పేరు వినబడి నర్సు లోపలికి వెళ్ళేసరికి, పక్క కుర్చీలో చెమటలు కక్కుతూ హెడ్‌నర్సు!

"నువ్వా!" అంది ఆవిడ.

నర్సుకి ఒళ్ళంతా వెయ్యి దీపాలు వెలిగినట్టయింది. దేవుడు అడగనివి కూడా ఇస్తాడన్నమాట.

పరీక్షాధికారి కాగితం చూసి విషయం చెప్పాడు. కింద పనిచేసేవాళ్ళ తప్పుల్ని పైవాళ్ళు ఎలా దిద్దాలి? ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

నర్సు కుర్చీని హెడ్‌నర్సు వైపు తిప్పుకుని మొదలుపెట్టింది. తడుముకోలేదు, తొణకలేదు. నలుగురి ముందు కిందివాళ్ళని నవ్వులపాలు చేసేవాళ్ళు మనుషులేనా అని ఇంగ్లీషులో అడిగింది.

హెడ్‌నర్సు తల దించుకుంది. "ఎస్. ఐ అగ్రీ."

తన గొప్ప కోసం ఇంకొకరి పరువు తీసేవాళ్ళకి ఆ కుర్చీలో కూర్చునే అర్హత ఉందా అని నిలదీసింది.

"ఎస్... నో. ఐ అగ్రీ." ఆవిడ చెంగుతో చెమట తుడుచుకుంది.

అలాంటివాళ్ళు సిగ్గుతో తలెత్తుకోలేని రోజొకటి వస్తుందంది. అది ఇవాళే వచ్చిందని కూడా అంది.

హెడ్‌నర్సు కళ్ళు చెమర్చాయి. "వెరీ ట్రూ. ఐ అగ్రీ," అంది మెల్లగా.

పరీక్షాధికారి తృప్తిగా తలూపి ఇద్దర్నీ వెళ్ళమన్నాడు. కడుపులో ఇన్నాళ్ళుగా రగిలిన మంట మీద చన్నీళ్ళు పోసినట్టయింది నర్సుకి. ఆవిడ చేతే, ఆవిడ నోటితోనే ఒప్పించింది! ఇంకేం కావాలి?

వరండాలోకి రాగానే హెడ్‌నర్సు వెనకనుంచి పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. క్షమించమంటుంది కాబోలు. ఒక్కసారి అడిగితే క్షమించకూడదని, కనీసం ఇంకోసారి బతిమాలించుకోవాలని నర్సు గడ్డం పైకెత్తి నిలబడింది.

"నా పరువు నిలబెట్టావే తల్లీ, నువ్వు గడగడా మాట్లాడబట్టి గట్టెక్కాను," అంది హెడ్‌నర్సు చెంగుతో కళ్ళొత్తుకుంటూ. "అంతసేపూ నువ్వన్నదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"