దండ నమిలే చాందిని

నంద్యాలలో పెళ్లికొడుకులంతా మరగుర్రాల మీదే ఊరేగుతున్న రోజులవి. బేరాల యాప్‌లో రంగూ ఎత్తూ తప్ప, గుర్రం గుణం రాసే చోటే లేదు. ఈ వారం ఒక్క బేరమైనా రాకపోతే ప్రాణమున్న తన గుర్రం చాందినిని అమ్మేస్తానన్నాడు దస్తగిరి.

అతని భార్య హుస్సేనమ్మ చంటిదాన్ని చంకనేసుకుని, ఫోనుకు నోటితో చెబుతూ గుర్రానికి సొంత వెబ్‌సైటు పెట్టింది.

"ఏం రాయించినావే?"

"ఉన్నదే. బెల్లం పెట్టందే కదలదనీ, బ్యాండు నచ్చితే నిలబడి తలూపుతాదనీ, పెళ్లికొడుకు దండ నములుతాదనీ..."

"కొంప ముంచినావు గదే!"

అంతలో ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి ఒక పెళ్లికూతురు.

"అక్కా, దండ నమిలే గుర్రం మీదేనా? మాకదే కావాల. దానికీ ఒక దండ తెస్తాంలే!"

దస్తగిరి బెల్లం డబ్బా తీసుకుని కొట్టంలోకి నడిచాడు.