కాజ్ జై కొట్టిన జట్టు

మా క్లీవ్‌లాండ్ జట్టు బేస్‌బాల్ ప్లేఆఫ్స్ మొదట్లోనే ఇంటిదారి పట్టింది. ఇక మిగిలినవాళ్ళలో ఎవరికి జై కొట్టాలన్నది మా వీధిలో అందరూ ఆలోచించరు. మా ఆయన కాజ్ ఒక్కడు తేల్చుకుంటే చాలు. బోస్టన్ అంటే బోస్టన్, హ్యూస్టన్ అంటే హ్యూస్టన్, అతను ఎవరికి జై కొడితే వాళ్ళు ఓడిపోతారు.

అందుకే పక్కింటావిడ ఏటా లాగే బంగాళాదుంప కూరిన వేడి వేడి పిరోగీలు చేసి పట్టుకొచ్చింది.

“నీకు పుణ్యముంటుంది కాజ్, ఆ న్యూయార్క్ వాళ్ళకి జై కొట్టు. వాళ్ళ పొగరు అణగాలి!”

న్యూయార్క్ టోపీ అతని తలమీద పెట్టి మరీ వెళ్ళింది. మందులకి జుట్టంతా ఊడిన తల. టోపీ చెవులదాకా జారింది. పిరోగీలు అతను ముట్టలేదు.

తలుపు వేసి పక్కన కూర్చున్నాను.

“న్యూయార్క్ సంగతి అలా ఉంచు కాజ్. ఈసారి నీ కడుపులో గడ్డకి జై కొట్టు. నా కోసం.”

నవ్వుతాడనుకున్నాను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పిచ్చిదానా, డాక్టరు చెప్పిన రోజు నుంచీ దానికే కొడుతున్నా. నా బతుకులో మొదటిసారి, నా జట్టు గెలుస్తోంది.”